మూడు ఊపిరుల వ్యవధి

దుమ్ముకారు, మొదటి వారం – సోమవారం

నిన్న చదువుతూ ఉండగా నా గొంతు ఆగిపోయింది.

చదువరిగా నియమితుడైన వ్యక్తి తన విధినిర్వహణలో జరిగిన ప్రతి విశేషాన్నీ ఈ దినచర్యలో స్వహస్తంతో రాసిపెట్టాలన్నది సంఘం నియమం. ఆ నియమం లేకపోతే ఈ విషయం రాసి ఉండేవాణ్ణి కాదు.

దుమ్ము మధ్యాహ్నం లేచింది. ఎప్పటిలాగే భోజనం మానుకొని, వేడినీళ్లు తాగి, మెట్లెక్కి చదువుగదిలో కూర్చున్నాను. నా తరువాత ఈ కుర్చీలో కూర్చునేవారికి తెలియడం కోసం ఒక మాట. ఊరంతా నేల లోపల ఉన్నా, ఈ గది ఒక్కటే కొండ పైపొరలో, బయటి గోడకు ఆనుకొని ఉంటుంది. గోడ పగిలితే ముందుగా పోయేది ఇక్కడి గాలే. ముందుగా ఆగేది చదువరి గొంతే. కనుక దుమ్ము వీస్తున్నంతసేపూ చదువరి చదువుతూనే ఉండాలి. ఇంటింటికీ వెళ్లే రాగి గొట్టాలలో ఆ గొంతు వినిపిస్తుంటే ఊరు తన పని తాను చేసుకుంటుంది. అది ఆగిన తరువాత వినేవాడికి మూడు ఊపిరులు గడిచాయా, పిడి లాగి ఇనుపతలుపు దించుకోవలసిందే. మా తాతల కాలంలో కరెంటు సైరన్లు ఉండేవట. దుమ్ములో పుట్టే మెరుపులకు అవి వాటంతటవే కూసేవనీ, కూయవలసిన నాడు మిన్నకుండేవనీ పీకి పారేశారు.

నేను చదువుతున్నది స్వయంగా రచించిన వ్యాసం, మన ఇళ్లలో నశించిపోతున్న మాటల గురించి. ప్రతి వాక్యమూ కంఠస్థమే. ఒక దీర్ఘవాక్యంలో క్రియ దగ్గరకు వచ్చేసరికి ఊపిరి లోపలికి రావడం మానేసింది. గోడ పగిలిందనే అనుకున్నాను. వేళ్లు చల్లబడ్డాయి. ఛాతీ మీద ఎవరో మోకాలు మోపినట్లు ఉంది. దీపం మాత్రం నిలకడగా వెలుగుతోంది. గోడ మీద గీత కూడా లేదు. గదిలో గాలి పుష్కలంగా ఉంది, నాలోకే రావడం లేదు.

కింద ఎక్కడో ఒక తలుపు దిగిన చప్పుడు. ఆ వెంటనే వరసగా ఊరంతా.

తేరుకొని చదువు కొనసాగించాను. దిగిన తలుపులను దుమ్ము తగ్గేదాకా ఎత్తరాదు కనుక అందరూ ఎక్కడివారక్కడ కూర్చున్నారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఉమ్మడి వంటశాలలో పప్పు మాడింది.

సాయంత్రం సంఘం పెద్ద హనుమాయమ్మ వచ్చింది. "గోడ చూశాం మాస్టారూ. గోడ బానే ఉంది. మీ సంగతేంది?"

"గొంతులో దుమ్ము పడింది," అన్నాను.

ఆ గదిలోకి దుమ్ము రాదని ఆమెకూ తెలుసు. వాదించలేదు. "కొన్నాళ్లు శోభనాద్రి కూర్చుంటాడులే. మీరు కాస్త నిదానంగా ఉండండి. రాసే పని మాత్రం మీ దగ్గరే ఉంచమన్నాడు. తనకు చేతగాదంట."

మొదటి వారం – గురువారం

శోభనాద్రిని గురించి పక్షపాతం లేకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఆయన మా బడిలో డ్రిల్లు మాస్టారు. నేను తెలుగు చెప్పినంత కాలమూ ఆయన ఈల ఊదాడు. ఒత్తులు పలకడు. భోజనం ఆయన నోట 'బోజనం', సంఘం 'సంగం'. ఒక వాక్యాన్ని మొదలుపెట్టి, దాన్ని నడివీధిలో వదిలేసి, ఇంకొకదాని వెంట పోతాడు. అటువంటి మనిషి నా కుర్చీలో కూర్చుని, వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో ఎందుకు వేయాలో ఊరందరికీ బోధించాడు. తరువాత, తాను ప్రార్థన వేళ చొక్కాలో కోడిపెట్టను దాచుకొని బడికి వచ్చిన కథ. కథలో పెట్ట గుడ్డు పెట్టింది.

నా భార్య రత్నాంబ గొట్టం కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నవ్వుతోంది.

"అందులో నవ్వడానికి ఏముంది?" అన్నాను.

"ఏమీ లేదండీ. అందుకే నవ్వొస్తంది."

నా వ్యాసాలకు ఆమె ఏనాడూ నవ్వలేదు. అవి నవ్వవలసినవి కావు, నిజమే. అయినా ఈనెలు తీయడం ఆపి విన్నట్లు కూడా నాకు గుర్తులేదు.

అంతటితో ఆగినా బాగుండేది. దుమ్ము తగ్గుముఖం పట్టగానే శోభనాద్రి గొట్టంలో ఇలా అన్నాడు: "ఇంతసేపు ఆగకుండా వాగుతున్నానంటే నా గొప్పేం లేదు. నిరుటి నుంచి పొద్దున్నే డాక్టరు గౌసియమ్మ ఇచ్చిన కుదురుబిళ్ల వేసుకుంటన్నా. అంతకుముందు ఈ మెట్లు చూస్తేనే నా కాళ్లు ఒణికేవి. మీలో ఎవరికన్నా అట్టా ఉంటే సిగ్గుపడమాకండి, పోయి అడగండి."

ఒక మనిషి తన జబ్బును ఊరికంతటికీ ఇలా చదివి వినిపించవచ్చునా? అది మర్యాదేనా? ఇదే మాట రత్నాంబతో అన్నాను. ఆమె కాయలు ఏరుకుంటూ, "మర్యాద సంగతేమో గానీ, ఆయన బానే పడుకుంటన్నాడంట," అంది.

నిజమే. మధ్యాహ్నం ఉమ్మడి చావడిలో స్వయంగా చూశాను. శోభనాద్రి బల్ల మీద వెల్లకిలా పడి, నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు. ఒక చేయి బల్ల కిందికి వేలాడుతోంది. ఆ చేయి కదలడం లేదు. వేళ్లు దేన్నీ పట్టుకోవడం లేదు. చుట్టూ జనం తిరుగుతున్నారు, పిల్లలు అరుస్తున్నారు. ఆయన మాత్రం తన ప్రాణాన్ని ఎవరికో అప్పగించి నిశ్చింతగా పడుకున్నాడు. పద్యం రాని వాడికి, ఛందస్సు తెలియని వాడికి, ఈ నిద్ర ఎవరిచ్చారు అనుకుంటూ నేను అవసరానికి మించి అక్కడ నిలబడ్డాను.

రెండో వారం – మంగళవారం

రత్నాంబ నన్ను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది. తన మోకాలి నొప్పికని చెప్పి బయల్దేరదీసి, అక్కడ కూర్చున్న తరువాత నా వైపు చూపించింది.

డాక్టరు గౌసియా నా శిష్యురాలే. తరగతిలో దస్తూరీ బాగుండేది. ఇప్పుడు బాగోలేదు.

"ఎన్నాళ్ల నుంచి మాస్టారూ?" అంది.

"ఏది ఎన్నాళ్ల నుంచి? కర్త లేకుండా ప్రశ్న ఏమిటమ్మా?"

రత్నాంబ అందుకుంది. "పిడి గొలుసుకు రోజూ నూనె రాస్తారమ్మా. రాసిందానికే మళ్లీ రాస్తారు. ఇల్లంతా నూనె కంపు. నేను వీధిలోకి పోతే తిరిగొచ్చిందాకా తలుపు కాడే నిలబడి ఉంటారు. అన్నం నోట్లో పెట్టుకొని, ఏదో చప్పుడైందని నమలకుండా కూర్చుంటారు."

"దాన్ని జాగ్రత్త అంటారు," అన్నాను.

"జాగ్రత్త అయితే నూనె రాసినాక మనసు కుదుటపడాలి గదా మాస్టారూ," అంది గౌసియా. "పడుతోందా?"

బల్ల మీది కాగితంలో ఆమె దస్తూరీని చూస్తూ కూర్చున్నాను. ఆమె కోప్పడలేదు. గుండెను, ఊపిరితిత్తులను పరీక్షించింది. రెండూ బాగున్నాయంది. బాగున్నాయని వినగానే నాకు నిరాశ కలిగింది. గుండెజబ్బు అయితే తలెత్తుకొని మందు మింగవచ్చు.

"కుదురుబిళ్ల జ్ఞాపకశక్తిని తింటుందా?" అని అడిగాను. "నా దగ్గర పోగొట్టుకోవడానికి వేరే ఏమీ లేదు."

ఆమె తొందరపడకుండా చెప్పింది. "మొదట్లో నోరు ఎండిపోద్ది. కడుపులో తిప్పినట్టు ఉంటది. నిద్ర ముందు ఇంకాస్త చెడొచ్చు. గుణం కనపడాలంటే వారాలు పడుద్ది. కొందరికి ఈ మందు పడదు, అప్పుడు వేరేది చూస్తాం. జ్ఞాపకం పోయినోళ్లను నేను చూళ్లేదు, కానీ మీకేదన్నా తేడా అనిపిస్తే వెంటనే నాకు చెప్పాలి. మీ అంతట మీరు ఆపగూడదు. బిళ్లతో పాటు వారం వారం నా దగ్గర కూర్చుని మాట్లాడాలి కూడా."

"మాట్లాడటానికి నాకేమీ అభ్యంతరం లేదు."

"మీరు పాఠం చెప్పటం కాదు మాస్టారూ. నేను అడిగినదానికి చెప్పటం."

ఆలోచించి చెబుతానన్నాను. నిజానికి ఆలోచించేది ఏమీ లేదు, అప్పటికే వద్దనుకున్నాను. జ్ఞాపకశక్తి ఒక సాకు. శోభనాద్రి మింగినదాన్ని నేను మింగాలా? మింగి కుదుటపడితే అది ఆయన వాడి విడిచిన నెమ్మది అవుతుంది. మింగినా కుదుటపడకపోతే, జబ్బు నయం చేసుకోవడంలో కూడా ఆ డ్రిల్లు మాస్టారు నాకంటే మెరుగని తేలుతుంది. ఏ విధంగా చూసినా ఆయనే ముందు.

బయటికి వస్తే ఆయనే బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"రండి పంతులుగారూ. ఈ బల్ల మీద మీకూ చోటుంది."

"మా ఆవిడ మోకాలి కోసం వచ్చాం," అన్నాను.

రత్నాంబ నా మొహం చూసింది. "అవునన్నయ్యా. రాత్రంతా నా మోకాలు సూత్రాలు వల్లిస్తంది, నిద్ర పట్టనీదు."

ఆయన పెద్దగా నవ్వి ఆమె చేతిలో గుప్పెడు కాయలు పోశాడు. నాకూ ఇవ్వబోయాడు. వద్దన్నాను. నాకు వేరుశనక్కాయలంటే ఇష్టం.

మూడో వారం – శనివారం

నిన్న జరిగినది ఇవాళ రాస్తున్నాను.

దుమ్ము లేచే సూచన ఉన్నా, వంటశాలలో గుత్తివంకాయ చేశారని విని రత్నాంబ గిన్నె తీసుకొని వెళ్లింది. దగ్గరే కదా, దుమ్ము పెరిగేలోపు వచ్చేస్తానంది. ఇంటిపెద్దగా నేను పిడి పక్కన పీట మీద కూర్చున్నాను.

గొట్టంలో శోభనాద్రి ఏదో ఈత పోటీ గురించి చెబుతున్నాడు. ఈదేటంత నీరు ఈ ఊళ్లో ఏ తరమూ చూడలేదు, ఆ పోటీ ఆయన తాత చెప్పిన కట్టుకథ. నేను ఆ కథను వినడం లేదు. ఆయన గొంతులో పగులు కోసం వింటున్నాను. మాట తడబడుతుందేమో, ఊపిరి అందదేమో అని ప్రతి వాక్యం చివరా చెవి ఒగ్గి కూర్చున్నాను. ఒక్కసారి ఆగితే చాలు, ఆ కుర్చీలో ఎవరికైనా అలాగే జరుగుతుందని ఊరికి తెలుస్తుంది. ఆయన ఆగాలని నేను కోరుకున్నాను. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

గొంతు ఆగింది.

ఒకటి. రెండు. మూడు.

పిడి లాగాను. తలుపు దిగింది. ఇనుము నేలను తాకిన చప్పుడు ఇంకా గదిలో ఉండగానే గొట్టంలో, "ఆఁ, నీళ్లు తాగా. యాడున్నాం మనం?" అని వినిపించింది. అప్పటికే మా తలుపు చప్పుడు విని పక్కింటివారు, వారి చప్పుడు విని ఆ పక్కవారు దించుకుంటున్నారు. ఒక తలుపు దిగితే పక్కవాడు లెక్కపెట్టుకుంటూ కూర్చోడు, కూర్చోకూడదు కూడా.

అప్పుడు గుర్తుకు వచ్చింది, రత్నాంబ వీధిలో ఉంది.

తలుపు అవతల నుంచి చేత్తో కొట్టిన చప్పుడు. నేను ఇవతల కొట్టాను. అంత మందపు ఇనుములోంచి మాట వినపడదు. తలుపులన్నీ దిగితే వీధిలోకి వెచ్చగాలి కూడా పోదు, కాసేపటికే గడ్డకట్టే చలి అవుతుంది. చిక్కుకున్నవారి కోసం గోడలో ఒక గూడు, అందులో ఒక దుప్పటి, చదువుగదితో మాట్లాడుకోవడానికి ఒక గొట్టం ఉంటాయి. అంతే ఉంటాయి.

కొంతసేపటికి శోభనాద్రి గొంతు మారింది. "ఊరందరికీ చెబుతున్నా. గోడ బానే ఉంది, నేనూ బానే ఉన్నా. దిగిన తలుపులు దిగినట్టే ఉంచండి, దుమ్ములో యంత్రం తిప్పితే పళ్లు ఊడిపోతయి. వీధిలో మా రత్నమ్మ చెల్లెమ్మ ఒక్కతే ఉంది. గూట్లో కూర్చుంది. పంతులుగారూ, వింటన్నారా? ఆమెకేం కాలా."

ఇళ్ల గొట్టాలలోకి ఆయన మాటలే వస్తాయి, ఆమె మాటలు రావు. కనుక ఆ సంభాషణలో సగమే విన్నాను. నేనే కాదు, ఊరంతా విన్నది.

"చేతులు చంకల్లో పెట్టుకో చెల్లెమ్మా. కాళ్లు దుప్పట్లోకి లాక్కో. గిన్నెలో ఏంది? గుత్తొంకాయా? వేడిగా ఉందా ఇంకా? అయితే తిను. తినమ్మా, పంతులుగారికి మిగల్చమాక. ఆయన వంకాయ తింటా కూడా అది ఏ విభక్తో చూస్తాడు."

తలుపుకు చెవి ఆనించాను. ఇనుము చల్లగా ఉంది. దాని లోపలి నుంచి, ఎంతో దూరం నుంచి వచ్చినట్లు, ఆమె నవ్వు వినిపించింది.

ఆ నవ్వు ఆమెను వెచ్చగా ఉంచుతోందని తెలుసు. ఆయన ఆమెను నిద్రపోనివ్వకుండా కాపాడుతున్నాడని తెలుసు. అయినా నా ఒళ్లు మండింది. నా భార్య చలికి వణుకుతూ ఉన్నది నా చేతి వల్ల, నవ్వుతూ ఉన్నది ఆయన నోటి వల్ల. నేను చేయగలిగింది పిడికిలితో తలుపు కొట్టడం. కొట్టాను. కొడుతూనే ఉన్నాను.

"పంతులుగారు తలుపు కొడుతున్నారంటగా? కొట్టనీ అమ్మా, ఆయనకు మాత్రం వేరే పనేముంది? నువ్వు కూడా తిరిగి కొట్టు. ఊరుకుంటే కంగారు పడతాడు."

ఆమె తిరిగి కొట్టింది. దుమ్ము తగ్గేవరకు శోభనాద్రి ఆపలేదు. చివరకు వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయి, గాలి మాత్రమే మిగిలింది. ఆ గాలితోనే కోడిపెట్ట కథ మళ్లీ చెప్పాడు.

మూడో వారం – ఆదివారం

రత్నాంబ ఎడమ కాలి వేళ్లకు గౌసియా కట్టు కట్టింది. వేళ్లు దక్కుతాయంది. స్పర్శ ఎప్పుడు వస్తుందో చెప్పలేనంది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పిడి లాగినవాణ్ణి ఎందుకు లాగావని అడగకూడదన్నది ఈ ఊరి ఆచారం. అడిగితే రేపు నిజంగా గోడ పగిలిననాడు ఎవరో ఒకరు సంకోచిస్తారు, ఆ సంకోచంలో ఊరు పోతుంది. ఆచారం మంచిదే. కానీ హనుమాయమ్మ వచ్చి, రత్నాంబను పలకరించి, నా వైపు చూడకుండా తలుపు యంత్రాన్ని మాత్రం చూసి వెళ్లినప్పుడు, ఎవరైనా అడిగితే బాగుండునని అనిపించింది.

అడిగింది రత్నాంబే.

"ఎన్ని లెక్కపెట్టారు?"

"మూడు. నియమం ప్రకారమే లాగాను."

"ఆయన ఆగింది నేనూ విన్నాగా, వీధి గొట్టంలో. నాకు ఒకటైంది. రెండోది తీసుకుంటన్నా. మన తలుపు పడింది."

"నువ్వు నడుస్తూ పొరపాటుగా లెక్కపెట్టి ఉంటావు."

"నడుస్తా ఉంటే ఊపిరి తొందరగా రావాలి గదండీ. నాకే రెండు కాలేదు, కూర్చున్న మీకు మూడెట్లా అయినయి?" ఆమె నా చేయి తీసుకొని తన పక్కటెముకల కింద పెట్టుకుంది. "ఇది చూడండి. మీదీ చూసుకోండి."

ఆమె పొట్ట నెమ్మదిగా లేచింది, నెమ్మదిగా దిగింది. అది ఒకసారి లేచి దిగేలోపు నాది మూడుసార్లు గుటకలు మింగినట్లు కదిలింది. ఇంట్లో కూర్చుని ఉన్నాం. దుమ్ము లేదు. తలుపు ఎత్తే ఉంది.

నియమంలో మూడు ఊపిరులని ఉన్నది, ఎవరి ఊపిరులో లేదు. రాసినవారు తమలాగే అందరూ ఊపిరి పీల్చుకుంటారని అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నా ఊపిరి అందరి ఊపిరి లాంటిది కాదని నాకు ఇంతవరకు తెలియదు. తెలియడానికి నా భార్య కాలి వేళ్లు కావలసి వచ్చాయి.

"సరే రత్నం. నీ కోసం ఆ బిళ్ల వేసుకుంటాను," అన్నాను. త్యాగం వంటి మాట అది. ఆమె కళ్లు చెమర్చుతాయని అనుకున్నాను.

ఆమె నా చేయి తీసి పక్కన పెట్టింది.

"నా కోసం వద్దు."

"ఎందుకని?"

"నా కోసం వేసుకుంటే, నోరెండితే నా వల్లే. కడుపు తిప్పితే నా వల్లే. ఒక పద్యంలో పాదం గుర్తుకు రాకపోతే అదీ నా వల్లే అయిద్ది. ఈ ఇంట్లో కూర్చుని ఎన్నాళ్లు వినమంటారు ఆ మాట? మీకు కావాలనుకుంటే వేసుకోండి, అక్కర్లేదనుకుంటే మానండి. ఏం చేసినా మీది మీరే చెయ్యండి."

కట్టు కట్టిన కాలిని మంచం మీదికి లాక్కుంటూ ఇంకో మాట కూడా అంది. "రేపటి నుంచి పిడి కాడ నేను కూర్చుంటా."

పిడి దగ్గర ఇంటిపెద్ద కూర్చుంటాడు. ఈ వీధిలో ఏ ఇంట్లోనూ వేరే విధంగా జరగగా చూడలేదు. సరేనన్నాను.

నాలుగో వారం – బుధవారం

శోభనాద్రికి కృతజ్ఞతలు చెప్పడం మర్యాద కనుక వెళ్లాను. గౌసియా గది ముందు బల్ల మీద ఉన్నాడు. గొంతుకు కండువా చుట్టుకొని ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు. నేను సిద్ధం చేసుకొని వెళ్లిన వాక్యాన్ని చెప్పాను. ఆయన మధ్యలోనే చేయి ఊపాడు.

"ఊరుకోండి పంతులుగారూ," అన్నాడు, గుసగుసలాంటి గొంతుతో. "చెల్లెమ్మే నన్ను నవ్వించింది. మీకు వినపడలేదు గానీ మీ గురించి భలే చెప్పుద్ది."

ఏం చెప్పిందో అడగలేదు. పక్కన కూర్చున్నాను. అడగవలసింది వేరే ఉంది.

"ఆ బిళ్ల వేసుకున్న మొదటి రోజులు ఎట్లా ఉండేవి?"

ఆయన నా వైపు తిరిగాడు. ఎగతాళి చేస్తాడని సిద్ధపడ్డాను. చేయలేదు.

"రోతగా ఉన్నయి. నోట్లో ఇసక పోసినట్టు ఉండేది. ఒళ్లంతా ఒకటే చిరాకు. ఇదేదో నాకు పడదని నాలుగు రోజులకే మానేశా, డాక్టరమ్మకు కూడా చెప్పకుండా. నిరుడు చదువుగదికి నీళ్లు మోసే వంతు నాది, తర్వాత దుమ్ముకి మెట్లెక్కబోతే సగంలో కూలబడ్డా. పిల్లలు చూశారు. అప్పుడు పోయి ఆమె కాడ తిట్లు తిని మళ్లా మొదలుపెట్టా."

"ఇప్పుడు భయం లేదా?"

"ఎందుకు లేదు? ఆ గదిలో కూర్చునేవాడికి భయం లేకపోతే వాడికి బుర్ర లేనట్టు. ఇప్పటికీ పైమెట్టు మీద కాసేపు నిలబడతా. ఇదివరకు అక్కణ్ణించి వెనక్కి తిరిగేవాణ్ణి, ఇప్పుడు తిరగట్లా. అంతే తేడా."

ఆయన కూలబడ్డాడని విని సంతోషించాను. అల్పమైన సంతోషమే, కానీ దాచలేను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. 'అంతే తేడా' అని ఎంత తేలిగ్గా అన్నాడు. ఆ తేడా కోసం నేను నా వ్యాసాలన్నీ ఇచ్చివేస్తానని, ఆ బల్ల మీద కూర్చుని ఉండగా నాకు స్పష్టంగా తెలిసింది.

లోపలికి వెళ్లాను. గౌసియా కలం తీసుకొని, "ఎందుకు వేసుకోవాలనుకుంటున్నారు మాస్టారూ?" అంది.

దీనికి కూడా ఒక వాక్యం తయారుచేసుకున్నాను. గృహస్థ ధర్మము, ఊరి క్షేమము, చదువరి బాధ్యత అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. నోరు తెరిస్తే అది రాలేదు.

"శోభనాద్రి పగటిపూట బల్ల మీద పడుకొని నిద్రపోతాడమ్మా. ఆ చెయ్యి అట్లా వేలాడుతూ ఉంటుంది. నాకూ అట్లా కావాలి."

ఆమె రాసుకుంది. "ఇంకా?"

"భయమేస్తోంది," అన్నాను. "ఎప్పుడూ భయంగానే ఉంటుంది."

అదీ రాసుకుంది. తరువాత చాలా ప్రశ్నలు అడిగింది. పాఠం చెప్పకుండా జవాబులు చెప్పాను. ఒకటి రెండు చోట్ల జారాను, ఆమె వెనక్కి లాగింది. దస్తూరీ గురించి ఏమీ అనలేదు.

ఐదో వారం – శుక్రవారం

బిళ్లలు మొదలుపెట్టి కొన్ని రోజులైంది. నోరు ఎండుతోంది. జొన్నరొట్టె వాసనకు కడుపు తిప్పుతోంది. గుణం ఏమీ కనిపించలేదు. కనిపించడానికి ఇంకా సమయం ఉందని గౌసియా ముందే చెప్పింది, అయినా ఉదయం మింగి మధ్యాహ్నానికల్లా వెతుక్కుంటున్నాను. పొద్దున్నే పద్యాలు వల్లించి సరిచూసుకుంటున్నాను. ఇప్పటివరకు ఏదీ పోలేదు. చదువరి కుర్చీ ఇక ఎవరిదో సంఘం తేల్చలేదు. నేను అడగలేదు.

ఇవాళ దుమ్ము లేచింది.

పీట మీద మెత్త వేసి రత్నాంబను కూర్చోబెట్టాను. కట్టు ఉన్న కాలు చాపుకోవడానికి చిన్న పెట్టె జరిపాను. ఆమె ఒక చేయి పిడి మీద వేసుకొని, రెండో చేత్తో ఒడిలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. వీధిలో పోతున్న పక్కింటాయన లోపలికి చూసి, పిడి మీద ఆమె చేయి చూసి, మళ్లీ నా వైపు చూశాడు. తల వంచుకోలేదు, కానీ వంచుకోకుండా ఉండటానికి ప్రయత్నించవలసి వచ్చింది.

శోభనాద్రి గొంతు ఇంకా పూర్తిగా బాగుపడలేదు. మాటిమాటికీ గరగరమంటోంది. నిమ్మకాయ పులిహోరలో పోపు ఎప్పుడు వేయాలో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

గొట్టంలో ఏమీ లేదు.

నా ఛాతీ కదలడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. చేయి దానంతటదే లేచింది. పిడి దగ్గరకు పోబోయిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాను. నాలుగు. లేచి ఆమె చేతిని తోసి లాగేయాలని ఉంది. ఐదు. గోడ పగిలి ఉంటే? ఆమె బియ్యంలో రాయి ఒకటి తీసి పక్కన పెట్టింది. ఆమె వంక చూశాను. నిద్రపోయేవాళ్లు తీసుకున్నట్లు, తొందర లేకుండా ఒక ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరిని చూసి ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను. ఇన్నేళ్లుగా నా పక్కనే, నా ఇంట్లోనే, అంత నెమ్మది ఉంది. ఆరు.

"...ఆవాలు చిటపటమన్నాకే," అంది గొట్టం.

రత్నాంబ నా వైపు చూడకుండానే, "ఎన్నయినయి?" అంది.

"ఆరు. నీకు?"

"రెండు."

చేటలో బియ్యాన్ని ఒకసారి కదిపి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. నా కుడిచేయి ఇంకా ఎడమచేతి పట్టులోనే ఉంది. ఆమెకు రెండయ్యే కాలంలో నాకూ రెండే కావాలి. ఆ మిగిలిన నాలుగు పోవాలనే రేపు ఉదయం కూడా ఆ బిళ్ల మింగుతాను.